నిన్న ఏం కోశావు? రోజూ వెంట ఉండే కత్తి, మన పొది

(హనుమకొండలో ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పోయిన నెల నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు కాజీపేటలో ఏసీలు బాగుచేస్తున్నాడు. కూర్చోగానే బ్యాగులోంచి ఒక కత్తి తీసి బల్ల మీద పెట్టాడు. నల్లగా, జానెడు పైనే ఉంది. వెన్ను మీద రంపపు పళ్లు, పిడి చివర ఒక దిక్సూచి. "సార్, ఇది ఈడీసీ కత్తి, అంటే రోజూ వెంట ఉంచుకునేది. ఆన్‌లైన్ల తెప్పించిన. ఎట్లుంది?" అన్నాడు. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. "మంచిగనే ఉంది. మరి నిన్న దీంతోని ఏం కోసినవ్?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఇంకా ఏం కొయ్యలే సార్" అన్నాడు. సరే, నిన్న నీకు కొయ్యాల్సిన పని ఏం పడ్డదంటే మాత్రం గడగడా చెప్పాడు. కొత్త ఏసీ డబ్బా మీది టేపు, రాగి పైపుకు చుట్టే ఫోము, ప్లాస్టిక్ టైల కొసలు, వైరు మీది తొడుగు. అవన్నీ దేంతో కోశావంటే చొక్కా జేబులోంచి ఒక పసుపు రంగు కట్టర్ తీశాడు. బ్లేడు ముక్క మొండిబడితే విరిచేసి, కొత్త ముక్క ముందుకు జరుపుకునే కట్టర్. కిరాణా కొట్లో, స్టేషనరీ షాపులో ఎక్కడైనా దొరుకుతుంది.

నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ రెండు వస్తువుల గురించే. ఆ అబ్బాయి ఏది తన కత్తి అనుకుంటున్నాడో అది అతని కత్తి కాలేదు. ఏది అసలు లెక్కలోకే తీసుకోలేదో అది రోజుకు ఇరవైసార్లు బయటికి వస్తోంది.

ఆ పసుపు కట్టర్‌కు కూడా ఒక కథ ఉంది. 1956లో జపాన్‌లోని ఒసాకాలో యోషియో ఒకాడా అనే ఆయన దాన్ని కనిపెట్టాడు. కాగితాలు కోసే పనిలో బ్లేడు మాటిమాటికి మొండిబడుతోంది. మొన ఒక్కటే అరుగుతుంది, మిగతా బ్లేడంతా బాగానే ఉంటుంది, అయినా పారెయ్యాల్సిందే. చెప్పులు కుట్టేవాళ్లు గాజు పెంకు విరిచి, ఆ కొత్త అంచుతో కొయ్యడం ఆయన చూశాడు. చాక్లెట్ బిళ్ల గీతల దగ్గర తుంచుకునే తీరు కూడా మనసులో ఉంది. ఆ రెండూ కలిపి, గీతలు పెట్టిన బ్లేడు చేశాడు. ఓల్ఫా కంపెనీ అట్లా పుట్టింది. పనిలో పడ్డ ఇబ్బందే ఆ కట్టర్‌ను చేయించింది.

ఈడీసీ అంటే ఎవ్రీడే క్యారీ, రోజూ వెంట ఉండేది. యూట్యూబ్‌లో చూసేవాళ్లు అందులో కత్తినే చూస్తున్నారు, 'రోజూ' అన్న మాటను వదిలేస్తున్నారు. దీనికి మనకు తెలుగులో చక్కటి మాట ఉంది, పొది. అంబులపొది అంటే బాణాలు పెట్టుకునేదని మీకు తెలుసు. మంగలి పొది అన్న మాట మీలో ఎంతమంది విన్నారో. మాది పరకాల దగ్గరి పల్లె. నా చిన్నప్పుడు పొద్దున్నే మంగలి మామ చంకలో పొది పెట్టుకుని వాడవాడా తిరిగేవాడు. విప్పితే గడ్డం కత్తి, కత్తెర, గోళ్లు తీసే గోరుగల్లు, నూరుకునే రాయి, కత్తిని రుద్దే తోలుపట్టీ, చిన్న అద్దం, నీళ్ల గిన్నె. పని లేని వస్తువు అందులో ఒక్కటి ఉండేది కాదు. పనికి కావలసినదేదీ ఇంటి దగ్గర మర్చిపోయి వచ్చేవాడూ కాదు. ఏ అరలో ఏముందో ఆ చేతికి చూడకుండానే తెలుసు. నా లెక్కలో పొది అంటే అదీ.

మన జిల్లాల్లో ఇంకా కళ్ల ముందు కనిపించే పొది గీత కార్మికుడిది. ఎప్పుడైనా పొద్దున్నే తాటివనం పక్కనుంచి పోతే బండి ఆపి చూడండి. మోకు, ముస్తాదు అనే చెట్టెక్కే సామాను, నడుముకు కట్టుకున్న కత్తులు. ఆ కత్తిని దగ్గర నుంచి చూస్తే అలుగు, అంటే బ్లేడు, పల్చగా, వెడల్పుగా ఉంటుంది. దాంతో కట్టెలు కొట్టరు, కొమ్మలు నరకరు. గెల కొసను పల్చటి పొరలాగా చెక్కుతారు, రోజూ, అదే గెలను. పొర మందంగా పోతే గెల తొందరగా అయిపోతుంది. కత్తి మొండిదైతే కోత నలుగుతుంది, కల్లు సరిగా రాలదు. అందుకని ఆయన చెట్టెక్కే ముందు ఒక చెక్క మీద తెల్లరాయి పొడి చల్లి, కత్తిని అటూ ఇటూ రుద్దుతాడు. ఆ శబ్దం సన్నగా, ఒకే లయలో వస్తుంది. తర్వాత వాదర మీద బొటనవేలు అడ్డంగా పెట్టి చూస్తాడు. వాదర అంటే కత్తి కోసే అంచు. వేలు అంచు వెంబడి జరపడు, అంచుకు అడ్డంగా తాకించి వెంటనే తీసేస్తాడు. చర్మం కొద్దిగా పట్టినట్టు అనిపిస్తే పదును వచ్చినట్టు. నేను ముప్ఫై ఏళ్లు వర్క్‌షాప్‌లో పదును గురించి పాఠం చెప్పాను. అంత శ్రద్ధగా పదును చూసుకునే మనిషిని వర్క్‌షాప్‌లో చూడలేదు.

చెట్టు మీదినుంచి పడి గీత కార్మికులు చనిపోవడం, నడుములు విరగడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న బాధ. 2024లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్ల దేవుడు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నడుముకు బెల్టు, చెట్టుకు పట్టుకునే తాళ్లు అందులో ఉంటాయి. తరతరాలుగా వస్తున్న పొదిలో కూడా కొత్త వస్తువుకు చోటు చెయ్యాల్సి వస్తుంది. దాన్ని మనసారా ఆహ్వానించాలి.

ఈ పొది అన్నది ఎంత పాతదో ఒక ఉదాహరణ చెప్తాను. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ మంచులో ఒక మనిషి శవం దొరికింది. సుమారు 5300 ఏళ్ల కిందటి మనిషి. ఓట్జీ అని పేరు పెట్టారు. అతని దగ్గర రాగి గొడ్డలి ఉంది. చెకుముకి రాతి అలుగుకు కట్టె పిడి వేసిన చిన్న కత్తి ఉంది, నారతో అల్లిన ఒర కూడా ఉంది. నడుము సంచిలో గీకుడు రాయి, ఎముక సూది, నిప్పు రాజేసుకునే పుట్టగొడుగు ఎండుముక్క. నన్ను ఆపేసింది ఇంకో వస్తువు. రాతి కత్తికి పదును పెట్టుకునే పరికరం, చిన్న కట్టెముక్కలో జింక కొమ్ము మొన దిగగొట్టి చేసుకున్నది. అయిదు వేల ఏళ్ల కిందటి మనిషికి కూడా కత్తి ఒక్కటే ఉంటే చాలదని, దాన్ని నిలబెట్టుకునే సాధనం కూడా వెంట ఉండాలని తెలుసు. మన నల్ల కత్తి అబ్బాయిని నూరే రాయి ఉందా అని అడిగితే లేదన్నాడు.

ఇక మడత చాకు సంగతి. ఇదిగో, ఇది నాది. ఎర్ర పిడి స్విస్ చాకు, 91 మిల్లీమీటర్లు. స్విట్జర్లాండ్‌లో ఇబాక్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల వర్క్‌షాప్ పెట్టాడు. 1891లో స్విస్ సైనికులకు ఆయన చాకులు ఇవ్వడం మొదలైంది. ఆ సైన్యానికి కావలసింది ఏమిటి? కొత్త తుపాకీని విప్పడానికి స్క్రూడ్రైవర్, డబ్బా తిండి తెరుచుకోవడానికి ఓపెనర్, దేనికైనా పనికొచ్చే ఒక అలుగు. ముందు పని ఉంది, దాని వెనక చాకు వచ్చింది. 1897 జూన్ 12న ఆఫీసర్ల చాకుకు పేటెంట్ రాయించుకున్నాడు. దాంట్లోంచి వచ్చిందే ఇది. అమెరికాలో టిమ్ లెదర్‌మాన్ కథా అంతే. 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతున్నాడు, కారు మాటిమాటికి ఆగిపోయేది. జేబులో చాకు ఉంది గానీ పట్టుకారు లేదు. ఆ లోటు తీర్చే సాధనం చేసి అమ్మకానికి తెచ్చేసరికి 1983 వచ్చింది.

ఈ చాకు తెరుస్తున్నాను, చూడండి. టక్కున నిలబడింది కదా. లోపల వెన్ను వైపు ఒక స్ప్రింగు పట్టీ ఉంటుంది. అలుగు మొదలు చదునుగా ఉంటుంది, ఆ చదును మీద పట్టీ ఒత్తి పట్టుకుంటుంది. ఇది లాక్ కాదు, గుర్తుపెట్టుకోండి. గట్టిగా వెనక్కి నెడితే మూసుకుపోతుంది. లాక్ ఉన్న చాకుల్లో లైనర్ లాక్ అని ఉంటుంది. పిడి లోపలి రేకు పక్కకు వచ్చి అలుగు కింద అడ్డంగా నిలబడుతుంది. దాన్ని వేలితో పక్కకు జరిపితేనే మూసుకుంటుంది.

ఈ తేడా నాకు ఎట్లా తెలిసిందో చెప్తాను. పంతొమ్మిదేళ్ల వయసులో ఒక జాతరలో చిన్న మడత చాకు కొన్నాను. కొన్న వారానికి ఒక రేకు డబ్బాకు రంధ్రం చేద్దామని మొన ఆనించి పొడిచాను. రేకు తెగలేదు, చాకు మూసుకుంది. చూపుడు వేలు మధ్య కణుపు దాకా తెగింది. ఇదిగో, ఇప్పటికీ ఈ వేలు పూర్తిగా వంగదు. ఆ చాకులో తప్పేం లేదు. మడత చాకు కొయ్యడానికి, పొడవడానికి కాదు. కోసేటప్పుడు బలం చాకును తెరిచే వైపు పోతుంది, పొడిచేటప్పుడు మూసే వైపు పోతుంది. రంధ్రం కావాలంటే దబ్బనం ఉంది, డ్రిల్లు ఉంది. మీ చేతుల్లో రోజూ చాకు ఉండబోతోంది కాబట్టి ఈ ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు.

ఉక్కు గురించి అడుగుతారు. ఏ ఉక్కు మంచిది సార్, దాని నంబరు ఎంత అని. గట్టి ఉక్కు పదును ఎక్కువ రోజులు నిలుపుతుంది, కానీ నూరడం కష్టం, అంచు పెచ్చు ఊడే ప్రమాదం ఉంటుంది. మెత్తటిది తొందరగా మొండిబడుతుంది, రెండు నిమిషాలు రాయి మీద రుద్దితే మళ్లీ వస్తుంది. ఈ స్విస్ చాకు గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో 56 చుట్టూ ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అంత చాలు. స్టెయిన్‌లెస్ స్టీలు తొందరగా తుప్పు పట్టదు, మామూలు కార్బన్ ఉక్కు పడుతుంది. మామిడికాయ కోసి అట్లనే పెడితే తెల్లారేసరికి నల్లమచ్చ.

మా బాపు కమ్మరి. లారీ కమాన్ పట్టీల నుంచి కొడవళ్లు, కత్తిపీట అలుగులు చేసేవాడు. నేను తిత్తి కొట్టేవాణ్ణి. ఆయన పనంతా ఒక ఎత్తు, చివర నీళ్లు పట్టడం ఒక ఎత్తు. కొలిమిలోంచి ఎర్రగా కాలిన కొడవలి తీసి, కోసే అంచు మాత్రమే నీళ్లలో ముంచి తీసేవాడు. వెన్నులో ఇంకా వేడి ఉంటుంది. అంచును గబగబా రాయితో గీకి మెరుగు తెచ్చి, కళ్లార్పకుండా దాన్నే చూసేవాడు. వెన్నులోని వేడి నెమ్మదిగా అంచు వైపు పాకుతుంటే రంగులు మారతాయి. ముందు గడ్డి రంగు, తర్వాత ఇటుక రంగు, ఊదా, నీలం. ఆయనకు కావలసిన రంగు రాగానే మొత్తం ముంచేసేవాడు. గడ్డి రంగు దగ్గర ఆపితే అంచు గట్టిగా ఉంటుంది. నీలం దాకా పోనిస్తే స్ప్రింగులాగా వంగుతుంది గానీ పదును నిలవదు. థర్మామీటరు లేదు. ఆ గడ్డి రంగు 220, 230 డిగ్రీల దగ్గర వస్తుందని, నీలం 300 దగ్గరని నేను ఐటీఐలో పుస్తకం తెరిచిన రోజు తెలిసింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి బాపుకు చదివి వినిపించాను. "గదే గదా నేను జేసేది" అన్నాడు.

అందుకే చెప్తున్నాను, మీ కత్తిని మిషన్ సాన మీద పెట్టించేటప్పుడు దగ్గర నిలబడండి. నిప్పురవ్వలు ఎగురుతుంటే చూడ్డానికి బాగుంటుంది. అంచు నీలం తిరిగిందంటే మాత్రం అక్కడి ఉక్కు మెత్తబడ్డట్టే. ఆ నీలం భాగం మొత్తం అరిగిపోయేదాకా ఆ కత్తి పదును నిలవదు. నెమ్మదిగా, నీళ్లు పోసుకుంటూ రాయి మీద నూరుకోవడం మంచిది. గరుకు లెక్కలో 1000 నంబరు రాయి ఒకటి, చివర రుద్దడానికి పాత తోలు బెల్టు. ఒక్కో పక్కకు 15 నుంచి 20 డిగ్రీల వంపు. మొదట కోణం కుదరదు, నెల రోజుల్లో చేతికి వస్తుంది. పదునున్న కత్తి ప్రమాదమని అనుకుంటారు. మొండి కత్తికి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, జారిందంటే ఆ బలమంతా వేలి మీదికే వస్తుంది.

మన నేలకు ఉక్కుతో ఉన్న చుట్టరికం మీకు తెలియాలి. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉంది. మట్టి మూసల్లో ఇనుమును మూసిపెట్టి కాల్చి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవాళ్లు. హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు ఆ పని కళ్లారా చూసి రాశాడు, అది 1832లో అచ్చయింది. పర్షియా వ్యాపారులు ఆ ముద్దల కోసం ఇంత దూరం వచ్చేవారని అందులో ఉంది. ఇంగ్లిష్‌లో వూట్జ్ అనే మాట మన ఉక్కు అన్న మాటనుంచే వచ్చిందని పండితులు చెబుతారు. ఆ ఊరి పేరు మన స్కూలు పుస్తకాల్లో పెద్ద అక్షరాల్లో ఉండాలని నా కోరిక. కత్తి మీద ఇష్టం ఉన్న పిల్లలు ఇంత దగ్గర్లో ఉన్న ఆ చోటు పేరు వినకుండానే విదేశీ ఉక్కు నంబర్లు బట్టీ పడుతుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు చట్టం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం ఇంటి పనికి, వ్యవసాయానికి మాత్రమే చేసిన వస్తువులను ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. దాని కింది నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగుల మాట ఉంటుంది. అక్కడ కూడా ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమల పనికి చేసినవాటికి మినహాయింపు ఉంది. దీన్ని చదివి కొందరు 9 అంగుళాల లోపు ఏదైనా జేబులో పెట్టుకు తిరగొచ్చని చెబుతుంటారు. అది తప్పు. ఎందుకు పట్టుకున్నావు, ఎక్కడ పట్టుకున్నావు, ఆ సమయంలో ఆ ఊళ్లో పోలీసు ఆంక్షలు ఉన్నాయా అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. ఎన్నికలు, ఊరేగింపులు, గొడవలు ఉన్న రోజుల్లో ఇంకా జాగ్రత్త. కాలేజీకి, హాస్టల్‌కు, కోర్టుకు, సినిమా హాలుకు వద్దు. విమానంలో చేతి సంచిలో ఏ కత్తీ ఉండకూడదు, చెక్-ఇన్ సామానులో పెట్టుకోవాలి. నా తాళాల గుత్తికి ఉన్న చిన్న చాకు అట్లనే పోయింది. తప్పు నాదే, మర్చిపోయి వెళ్లాను. సెక్యూరిటీ ఆవిడ డబ్బాలో వేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. బ్రిటన్‌లో అయితే మామూలుగా వెంట ఉంచుకోవడానికి లాక్ లేని మడత చాకు, 3 అంగుళాల లోపు, ఇంతే. మనం ఆ కొలతను సొంతంగా పెట్టుకుంటే మంచిదని నా అభిప్రాయం. అంతకు మించి కావాల్సిన పని టూల్ బ్యాగులో ఉంటుంది, జేబులో ఉండదు.

ఒక మాట మనసులోంచి చెప్తాను. మీలో కొందరు రక్షణ కోసం కత్తి పెట్టుకోవాలనుకుంటున్నారు. ఆడపిల్లలకు కూడా అట్లా సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి వద్దు. భయంతో తీసిన కత్తి ఎవరి చేతిలోకి పోతుందో తెలియదు. మాట మాట పెరిగిన చోట జేబులో కత్తి ఉందన్న ధైర్యమే మనిషిని ఇంకో అడుగు ముందుకు నెడుతుంది. నా వయసులో నేను చూసిన చెడిపోయిన జీవితాల్లో అట్లాంటివి రెండున్నాయి. ఇద్దరూ మంచి పనివాళ్లే. ఆపదలో 112కు ఫోన్ చెయ్యండి, గట్టిగా అరవండి, విజిల్ ఊదండి, పరుగెత్తండి. రాంపురీ చాకు టక్కుమని తెరిచి చూపించే సీన్లు తెర మీదే ఉండనివ్వండి. మీ చాకును పక్కవాళ్ల ముందు తెరిస్తే వాళ్లు భయపడకుండా "ఒకసారి ఇవ్వవా, ఈ దారం కోసుకుంట" అనాలి. అట్లాంటి చాకునే నేను ఈడీసీ అంటాను.

విజిల్ అన్నాను కాబట్టి కత్తి కానివాటి గురించి. 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తెల్లారకముందే ఊళ్లోకి నీళ్లు వచ్చాయి. జనం మిద్దెల మీదికి, చెట్ల మీదికి ఎక్కి సాయం కోసం ఎదురుచూశారు, సహాయ బృందాలు వచ్చి తీసుకుపోయాయి. అదే వానల్లో మా కాలనీలో కరెంటు పోయింది, వీధిలో మోకాలి లోతు నీళ్లు. నా దగ్గర మూడు చాకులున్నాయి, ఒక్కటీ అక్కరపడలేదు. టార్చి కావలసి వచ్చింది. తీస్తే చార్జింగ్ లేదు. పక్కింటి పెద్దమ్మకు షుగర్ మాత్రలు వెతకడానికి సెల్ ఫోన్ వెలుగు వాడాం, అది కూడా రెండు గంటల్లో చచ్చిపోయింది. ఆవిడ కొడుకు నంబరు ఆ ఫోన్‌లోనే ఉంది, ఇంకెక్కడా లేదు. ఆ రాత్రి నుంచి నా పొది మారింది. సెల్లు వేసుకునే చిన్న టార్చి, విడిగా రెండు సెల్లులు, ప్లాస్టిక్ విజిల్, ఆరు ఫోన్ నంబర్లు రాసి లామినేట్ చేయించిన కాగితం, రెండు రోజుల బీపీ మాత్రలు, రెండు వందల నోటు ఒకటి, చేతి రుమాలు. వీటన్నిటికీ జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరు. ప్రతి నెల ఒకటో తారీఖున టార్చి వేసి చూస్తాను. వేలు తెగితే కట్టుకోవడానికి గాజుగుడ్డ, టేపు కూడా ఉంటాయి. చాకు ఉన్న జేబులో అవి ఉండి తీరాలి.

పాము కాటుకు కత్తి తీసేవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. కాటు దగ్గర కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. ఆ కాలునో చేతినో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చండి. మందు అక్కడుంది.

ఆడవాళ్ల పొది గురించి ఎవరూ వీడియోలు చెయ్యరు. మా నాయనమ్మ బొడ్లె సంచిలో ఆకు, పోకచెక్కలు, సున్నం డబ్బీ, అడకత్తెర, చిల్లర, మూట కట్టిన ఏవో రెండు మాత్రలు. అడకత్తెర కూడా కోసే సాధనమే, రెండు చేతుల మధ్య పట్టుకుని పోకను పల్చటి రేకులు చేసేది. ఇక మీ అమ్మల గాజులకు చూడండి, మంగళసూత్రానికి చూడండి, రెండు మూడు పిన్నీసులు వేలాడుతుంటాయి. చెప్పు తెగినా, జాకెట్ హుక్కు ఊడినా, బియ్యం సంచి చిరిగినా, ముల్లు గుచ్చుకున్నా అదే. 1849లో వాల్టర్ హంట్ అనే అమెరికా ఆయన పేటెంట్ చేసిన వస్తువు అది. మన ఇళ్లలో దానికంటే ఎక్కువగా బయటికి వచ్చే సాధనం నాకు కనిపించలేదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు కుట్టేవాళ్ల దగ్గర దబ్బనం, సుతిలి. కాజీపేటలో రైలు గార్డు దగ్గర ఎర్రజెండా, పచ్చజెండా, చేతి దీపం. గొర్లకాపరి భుజం మీద గొంగడి ఒక్కటే ఉంటుంది. అది పరుపు, వానగొడుగు, చలికి దుప్పటి.

ఏది పెట్టుకోకూడదన్నది కూడా పొదిలో భాగమే. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు బాయిల్లో పనిచేసే అన్నలను అడగండి. నెత్తి మీద క్యాప్ ల్యాంప్, నడుముకు విషవాయువు కమ్మితే ఊపిరికి ఆసరా ఇచ్చే సెల్ఫ్ రెస్క్యూయర్ లేకుండా దిగరు. అదే సమయంలో బీడీ, అగ్గిపెట్టె దగ్గర ఉంటే దిగనివ్వరు. బాయిలో మండే వాయువు మీథేన్ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు జేబులు తడుముకోవడం మనకు అలవాటే, ఏం మర్చిపోయామో అని. ఏం తీసి ఇంట్లో పెట్టాలో కూడా ఆ నిమిషంలోనే చూసుకోండి.

మీకు ఒక పని ఇస్తున్నాను. రేపటి నుంచి ఏడు రోజులు చిన్న కాగితం జేబులో పెట్టుకోండి. ఏది కోశారు, ఏది విప్పారు, ఏది కట్టారు, దేనికోసం పక్కవాళ్లను అడిగారు, రాయండి. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ వాళ్ల కాగితం వేరే ఉంటుంది, ఫిట్టర్ల కాగితం వేరే. హాస్టల్‌లో ఉండే చెల్లెళ్ల కాగితంలో బహుశా కత్తి మాటే రాదు, పిన్నీసు, టార్చి, తలనొప్పి మాత్ర వస్తాయి. ఆ కాగితం చూసి కొనండి, లేదా కొనకుండా ఉండండి. మన ఏసీ మెకానిక్ తమ్ముడు రాశాడు. ఏడు రోజుల్లో కట్టర్ నూట పదిసార్లు, పట్టుకారు నలభైసార్లు, టెస్టరు లెక్క పెట్టలేదట. నల్ల కత్తి ఒక్కసారి కూడా లేదు. దాన్ని తిరిగి పంపేసి, ఆ డబ్బులతో మంచి వైర్ స్ట్రిప్పర్, ఒక నూరే రాయి కొనుక్కున్నాడు.

నా చాకు మీరందరూ పట్టుకుని చూడాలని తెచ్చాను. చేతికి మాత్రం ఇవ్వను. కత్తి, కత్తెర చేతిలో పెడితే గొడవలు వస్తాయని మన ఇళ్లలో అంటారు కదా, కింద పెట్టు తీసుకుంటా అంటారు. మా బాపు కొలిమి దగ్గర కూడా అంతే, నేల మీద పెట్టి చెయ్యి తీసేసేదాకా అవతలి మనిషి ముట్టుకునేవాడు కాదు. ఒక వస్తువును ఇద్దరు పట్టుకున్నప్పుడే వేళ్లు తెగుతాయి. ఇదిగో, మూసి బల్ల మీద పెడుతున్నాను. ఒక్కొక్కరే రండి. తెరిచేటప్పుడు వేళ్లు వెన్ను వైపు ఉండాలి, మొన ఎవరి వైపూ ఉండకూడదు. చూశాక మూసి మళ్లీ బల్ల మీదే పెట్టండి. ముందు వరుసలో ఆ చివరి అమ్మాయి, నువ్వు రా తల్లీ.